మంట ఆరింది సరే, మనసులో సంగతేంటి? కాచిగూడ నుంచి తార్నాక దాకా ఫైర్‌మన్ ముచ్చట

ఈ ఎపిసోడ్‌ని కాచిగూడ రైల్వే స్టేషన్ దగ్గర మొదలుపెట్టాం. మాటల మధ్యలో అనౌన్స్‌మెంట్లు వచ్చాయి, అవన్నీ తీసేసి మాట్లాడింది మాత్రం ఇక్కడ రాసి పెడుతున్నాం. వీడియో చూసే టైం లేనివాళ్ళు బస్సులో కూర్చుని చదువుకోవచ్చు.

కాచిగూడ ఎందుకంటే, 2019 నవంబర్ 11 మీకు గుర్తుందా? సోమవారం పొద్దున. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా వెళ్ళే ఎంఎంటీఎస్, కర్నూలు నుంచి వస్తున్న హంద్రీ ఎక్స్‌ప్రెస్, రెండూ ఈ స్టేషన్ దగ్గరే గుద్దుకున్నాయి. స్పీడ్ తక్కువ కాబట్టి ప్రయాణికులు చాలామంది గాయాలతో బయటపడ్డారు. కానీ ఎంఎంటీఎస్ నడుపుతున్న లోకో పైలట్ నుజ్జయిపోయిన క్యాబిన్‌లో ఇరుక్కుపోయాడు. ఆయన్ని బయటికి తియ్యడానికి దాదాపు ఎనిమిది గంటలు పట్టింది. లోపలికి ఆక్సిజన్ ఇచ్చారు, సెలైన్ ఎక్కించారు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు, రెస్క్యూ సిబ్బంది ఇనుముని కొంచెం కొంచెంగా కట్ చేశారు. సాయంత్రానికి బయటికొచ్చాడు. చుట్టూ ఉన్న జనం చప్పట్లు కొట్టారు. ఐదు రోజుల తర్వాత ఆస్పత్రిలో చనిపోయాడు.

ఆ చప్పట్ల వీడియో మనలో చాలామందిమి చూశాం. నేను ఆలోచించేది ఇంకో మనిషి గురించి. కట్టర్ పట్టుకున్న మనిషి. ఎనిమిది గంటలు ఒకాయన మొహానికి అంత దగ్గరగా ఉండి, "ఇంకొంచెం సేపు సార్, అయిపోయింది" అని చెప్తూ ఉన్న మనిషి. ఆయన ఆ రోజు ఇంటికెళ్ళి ఏం తిన్నాడు? పడుకున్నాడా? ఐదు రోజుల తర్వాత ఫోన్‌లో ఆ వార్త చూసి ఏం చేశాడు? మర్నాడు డ్యూటీకి మళ్ళీ వెళ్ళాలి కదా.

ఈ రోజు మాట్లాడుకునేది వాళ్ళ గురించే. ఫైర్‌మన్, రెస్క్యూ వాళ్ళు, వాళ్ళ మెంటల్ ఫిట్‌నెస్, ఆ ఉద్యోగంలో చేరాక జీవితంలో వచ్చే మార్పులు.

నాకు ఈ టాపిక్ ఎక్కడ తగిలిందో చెప్తా. నాతో పాటు ఓయూ హాస్టల్లో ఉన్న ఒకడు ఫైర్ సర్వీస్‌లో చేరాడు. పేరు చెప్పను, ఏ స్టేషనో, ఏ ఘటనో కూడా చెప్పను. వానాకాలంలో క్యాంపస్‌కి వచ్చాడు. ఆర్ట్స్ కాలేజీ దగ్గర కలిసి తార్నాక వైపు నడుస్తున్నాం. దారిలో బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాలుస్తున్నారు. హాస్టల్ రోజుల్లో రెండు కంకులు తినకుండా ఆ బండి దాటేవాడు కాదు. ఆ రోజు మాట మధ్యలో ఆపేసి రోడ్డు అవతలికి వెళ్ళిపోయాడు. నేను వెనకాల పరిగెత్తి "ఏమైందిరా?" అంటే "ఏం లేదురా, వాసన" అన్నాడు. అంతే. మళ్ళీ తార్నాక దాకా క్రికెట్ గురించే మాట్లాడాడు.

నేను ఆ రోజు ఇంకేం అడగలేదు. అడగకపోవడం తప్పా, ఒప్పా అని చాలా రోజులు ఆలోచించా. చివర్లో దాని గురించి మళ్ళీ వస్తా.

ముందు ఒంటి సంగతి. స్టేషన్‌లో బెల్లు మోగిందనుకోండి. పడుకున్నవాడు లేచి, డ్రెస్ వేసుకుని, బండెక్కాలి. నిద్రలో మెల్లగా ఉన్న గుండె ఒక్కసారిగా పరుగందుకుంటుంది. అడ్రినలిన్ కొడుతుంది, బీపీ పెరుగుతుంది. పైన కోటు, హెల్మెట్, బూట్లు, వీపున బీఏ సెట్, అంటే గాలి సిలిండర్ ఉన్న మాస్క్, ఇవన్నీ కలిపి దాదాపు 20 కిలోలు. దానికి తోడు హైదరాబాద్ ఎండాకాలం. అమెరికాలో 1994 నుంచి 2004 వరకు డ్యూటీలో చనిపోయిన ఫైర్‌ఫైటర్ల రికార్డులన్నీ తిరగేసి, 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక స్టడీ వేశారు. అక్కడ డ్యూటీలో పోయేవాళ్ళలో 45 శాతం మంది పోతున్నది గుండె జబ్బుతో. మంట కంటే, కూలిన గోడ కంటే గుండే ఎక్కువ మందిని తీసుకెళ్తోంది. ఇంకో లెక్క చూడండి. ఆ గుండె మరణాల్లో సుమారు 32 శాతం మంట ఆర్పుతుండగా జరిగాయి. 13 శాతం కాల్‌కి వెళ్ళే దారిలో. 17 శాతం తిరిగి వచ్చేటప్పుడు.

తిరిగి వచ్చేటప్పుడు! పని అయిపోయింది, అందరూ బండిలో కూర్చున్నారు. కానీ ఒంటికి ఇంకా ఆ సంగతి తెలీదు. మనసు కూడా అచ్చం ఇంతే, కాకపోతే గుండె గంటల్లో దిగుతుంది, మనసుకి వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి ఏళ్ళు.

ఫోన్ గ్యాలరీతో పోల్చి చెప్తా. మామూలు జ్ఞాపకం డేట్ ఉన్న ఫోటో లాంటిది. "మొన్న ఉగాదికి ఊరెళ్ళినప్పటిది" అని తెలుస్తుంది, చూస్తాం, మూసేస్తాం. ప్రాణం మీదికొచ్చిన క్షణంలో మెదడు ఫోటో సరిగ్గా సేవ్ చెయ్యదు. వాసన, చప్పుడు, ఒక చెయ్యి, ఒక చెప్పు, ఇలా ముక్కలు ముక్కలుగా పడి ఉంటాయి, డేట్ ఉండదు. అందుకే కంకి వాసన తగలగానే అది "గుర్తురావడం" కాదు, ఇప్పుడే, ఇక్కడే జరుగుతున్నట్టు అనిపిస్తుంది. మనం తెరిచిన ఫోటో కాదది, దానంతట అదే తెరుచుకున్నది. అది పిరికితనమూ కాదు, పిచ్చీ కాదు. ప్రమాదాన్ని మర్చిపోకూడదని మెదడు చేసే కాపలా, కాకపోతే డ్యూటీ దిగడం తెలీని కాపలా.

మన ఊళ్ళో వాళ్ళు ఏం చూస్తున్నారో ఒకసారి లెక్కేసుకోండి. 2022 మార్చిలో బోయిగూడ స్క్రాప్ గోడౌన్, 11 మంది బీహార్ కార్మికులు. సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ రూబీ హోటల్, 8 మంది. 2023 జనవరిలో మినిస్టర్ రోడ్డు బిల్డింగ్, ముగ్గురి కోసం రోజుల తరబడి వెతుకులాట. అదే ఏడాది మార్చి 16 రాత్రి స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు. ఆ ఆరుగురూ ఊళ్ళ నుంచి ఉద్యోగానికొచ్చిన పిల్లలు, మీ వయసు వాళ్ళు. పొగలో చిక్కుకుని ఇంటికి ఫోన్లు చేశారు. నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్. 2025 మే 18న చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్, 17 మంది, అందులో 8 మంది చిన్నపిల్లలు.

వీటిల్లో చాలా చోట్ల ఫైర్ వాళ్ళు కొంతమందిని బతికించారు. స్వప్నలోక్‌లో నిచ్చెనల మీద, క్రేన్ మీద దించారు. కానీ మనిషి మనసు విచిత్రం, దించినవాళ్ళని లెక్కపెట్టదు. దించలేకపోయిన వాళ్ళనే లెక్కపెడుతుంది. "రెండు నిమిషాలు ముందు వెళ్ళుంటే", "ఆ రెండో తలుపు పగలగొట్టుంటే". దీన్ని భయం అనలేం. ఇది తప్పు చేసిన ఫీలింగ్, చెయ్యని తప్పుకి. పిల్లల విషయంలో ఇంకా ఎక్కువ, ముఖ్యంగా ఇంట్లో అదే వయసు పిల్లలు ఉంటే.

ఇక్కడ అందరూ చెప్పే సలహా ఒకటి ఉంది: "మనసులో పెట్టుకోకు, మొత్తం కక్కెయ్, తేలికవుతుంది." నేనూ ఇదే నమ్మేవాణ్ణి. 1983లో జెఫ్రీ మిచెల్ అనే ఆయన, స్వయంగా ఫైర్‌ఫైటర్, పారామెడిక్‌గా చేసినవాడు, దీన్నే ఒక పద్ధతిగా తయారుచేశాడు. పెద్ద ఘటన అయిన కొద్ది రోజుల్లో టీం మొత్తాన్ని కూర్చోబెట్టి, ఏం చూశారు, ఏమనిపించింది అని వరసగా చెప్పించడం. దీనికి డీబ్రీఫింగ్ అని పేరు. ప్రపంచమంతా వాడారు. తర్వాత డాక్టర్లు పరీక్ష పెట్టారు. కాలిన గాయాలతో ఆస్పత్రిలో చేరినవాళ్ళ మీద బ్రిటన్‌లో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 1997లో వచ్చాయి. ఒకే సిట్టింగ్‌లో ఇలా మాట్లాడించిన వాళ్ళలో 13 నెలల తర్వాత 26 శాతం మందికి పీటీఎస్డీ ఉంది, ఏమీ చెయ్యని వాళ్ళలో 9 శాతం మందికే. వాళ్ళు ఫైర్‌మన్లు కాదు, రోగులు, పైగా మాట్లాడించిన గుంపులో గాయాలు మొదటే కొంచెం ఎక్కువున్నాయి. అది ఒప్పుకోవాలి. కానీ తర్వాత ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూసినా, ఒక్కసారి బలవంతంగా చెప్పించడం వల్ల లాభం కనపడలేదు. పచ్చి పుండుని గెలికినట్టు అవుతుందన్నమాట.

అంటే మాట్లాడొద్దనా? కాదు. ఎవరితో, ఎప్పుడు, ఎంత అన్నది చెప్పేవాడి ఇష్టం మీద ఉండాలి. మొదటి రోజు కావాల్సింది కౌన్సెలింగ్ స్పీచ్ కాదు. నీళ్ళు, స్నానం, వేడి అన్నం, పడుకోడానికి చోటు, పక్కన ఒక మనిషి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన గైడ్ కూడా మూడే మాటలు చెప్తుంది: చూడు, విను, అవసరమైన సాయంతో కలుపు. "విను" అని ఉంది, "తవ్వు" అని లేదు. స్టేషన్‌లో రాత్రి టీ తాగుతూ పాత లీడింగ్ ఫైర్‌మన్ కొత్తవాడితో "నాకూ మొదటిసారి వారం రోజులు అన్నం పోలేదు రా" అన్నాడనుకోండి, ఆ ఒక్క మాట పెద్ద మందు. మనకే ఇలా అవుతోంది అన్న సిగ్గు అక్కడ పోతుంది.

మీకు నచ్చే విషయం ఒకటి. టెట్రిస్ గేమ్ తెలుసుగా, పైనుంచి ఇటుకలు పడేది. ఎమిలీ హోమ్స్ అనే సైంటిస్ట్ టీం ఆక్స్‌ఫర్డ్ ఆస్పత్రి ఎమర్జెన్సీకి వచ్చిన రోడ్డు ప్రమాద బాధితులు 71 మందిని తీసుకుని ప్రయోగం చేసింది. 2017లో ఫలితాలు వేశారు. సగం మంది చేత, ప్రమాదం జరిగిన ఆరు గంటల్లోపు, ఆ దృశ్యాన్ని కాసేపు తలుచుకున్నాక టెట్రిస్ ఆడించారు. ఆ తర్వాతి వారంలో వాళ్ళకి బలవంతంగా కళ్ళముందుకొచ్చే దృశ్యాలు మిగతావాళ్ళ కంటే 62 శాతం తక్కువ. లాజిక్ సింపుల్: ఇటుకల్ని తిప్పడానికి మెదడులో బొమ్మలు చూసే భాగం కావాలి, అదే భాగం ఆ దృశ్యాన్ని గట్టిగా సేవ్ చెయ్యడానికీ కావాలి. రెండు పనులూ ఒకేసారి అంత బాగా చెయ్యలేదు. దయచేసి దీన్ని "గేమ్ ఆడితే ట్రామా పోతుంది" అని షార్ట్స్ చెయ్యకండి. చిన్న ప్రయోగం, ఒక వారం లెక్క. కానీ మెదడు రాయి కాదు, మొదటి గంటల్లో ఇంకా పచ్చి మట్టే అని మాత్రం తెలుస్తోంది.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి? మొదటి రెండు మూడు వారాలు పీడకలలు, ఉలికిపాటు, చిరాకు చాలామందికి ఉంటాయి, ఎక్కువ మందికి వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే, పని మీద, ఇంటి మీద ప్రభావం పడుతుంటే ఆగకూడదు. ఇంకోటి, ఇది ఆలస్యంగా కూడా రావొచ్చు. 1983లో ఆస్ట్రేలియాలో యాష్ వెడ్నెస్‌డే అనే పెద్ద కార్చిచ్చు వచ్చింది. అలెగ్జాండర్ మెక్‌ఫార్లేన్ అనే సైకియాట్రిస్ట్ అక్కడ మంటలార్పిన 469 మందిని నాలుగు, పదకొండు, ఇరవై తొమ్మిది నెలలకి మళ్ళీ మళ్ళీ అడిగి చూశాడు. మొదట బాగానే ఉన్నామన్న వాళ్ళలో కొందరికి నెలలు గడిచాక మొదలైంది. అందుకే "ఎప్పుడో జరిగిందిగా, ఇప్పుడేంటి?" అనే మాటకి అర్థం లేదు.

దీనికి ట్రీట్‌మెంట్ ఉంది, బాగా పనిచేసేది ఉంది. ట్రామా మీద పనిచేసే సీబీటీ, ఈఎండీఆర్ అని రెండు థెరపీలు. ట్రైనింగ్ ఉన్నవాళ్ళ దగ్గర వారాల పాటు, పద్ధతిగా, ఆ డేట్ లేని ఫోటోకి డేట్ వేయిస్తారు. ఒక్క రోజు కక్కించడానికీ దీనికీ చాలా తేడా ఉంది. ఎర్రగడ్డలో ప్రభుత్వ మెంటల్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఎర్రగడ్డ అనగానే మనం జోకులేస్తాం, ఆ జోకుల వల్లే సగం మంది ఆ గేటు దాటరు. వెళ్ళలేనివాళ్ళకి 14416, టెలి మానస్, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, ఫ్రీ, 24 గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదు అనే ఆలోచన వస్తుంటే ఇంకో రోజు చూద్దాం అనుకోకుండా అప్పుడే చెయ్యండి. "రికార్డులో పడుతుంది, ప్రమోషన్ పోతుంది" అని భయపడేవాళ్ళకి ఒక మాట: 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 23వ సెక్షన్ ప్రకారం మీ ట్రీట్‌మెంట్ వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు.

ఇప్పుడు ఇంటి సంగతి. జీవితం ఎక్కువ మారేది అక్కడే.

రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు పగలు పడుకోవాలి. మన ఇళ్ళల్లో పగలు నిద్ర అంటే పక్కింటి మిక్సీ, కూరగాయల బండి, "ఇంకా లేవలేదా" అని అత్తమ్మ. కిటికీకి మందం పరదా, ఫోన్ వేరే గదిలో, ఇంట్లోవాళ్ళతో ముందే ఒక ఒప్పందం. ఇవి చిన్నవే, కానీ నిద్ర సరిగ్గా లేనివాడి మనసుకి దెబ్బ తొందరగా తగులుతుంది, మానడం ఆలస్యమవుతుంది. ఇరానీ చాయ్ మన ప్రాణమే, కాదనను. అయితే అందులో కెఫీన్ సగం తగ్గడానికే ఐదు గంటల దాకా పడుతుంది. డ్యూటీ దిగే ముందు తాగిన చాయ్ ఇంటికొచ్చాక కూడా లోపల పనిచేస్తూనే ఉంటుంది. మందు సంగతి ఇంకా మోసం. తాగితే నిద్ర తొందరగా పడుతుంది నిజమే, కానీ రాత్రి రెండో సగంలో ఆ నిద్ర విరిగిపోతుంది. కలలొచ్చే నిద్ర దెబ్బతింటుంది, మనసు తన సామాను సర్దుకునేది ఆ నిద్రలోనే. "మర్చిపోవడానికి" తాగేవాడు నిజానికి మర్చిపోవడాన్ని వాయిదా వేస్తున్నాడు.

మా నానమ్మ ఎవరింట్లోనైనా చావుకి వెళ్ళొస్తే గడప బయటే నీళ్ళు పోసుకుని, బట్టలు తడిపి, అప్పుడే లోపలికొచ్చేది. చిన్నప్పుడు నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఫైర్‌మన్లకి డాక్టర్లు చెప్పేదీ అదే. 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఫైర్‌ఫైటర్ పనిని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. మసి, పొగ చర్మానికి, బట్టలకి అంటుకుని ఉంటాయి. కాబట్టి స్టేషన్‌లోనే స్నానం, ఆ యూనిఫాం ఇంటికి తేకూడదు, పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. ఇది ఒంటికి. మనసుకి కూడా ఇది ఒక గడప. "ఇక్కడ డ్యూటీ అయిపోయింది" అని ఒంటికి చెప్పడం. కొందరు బండి ఆపి పది నిమిషాలు పార్కులో నడుస్తారు, కొందరు గుడి మెట్ల మీదో మసీదులోనో కూర్చుంటారు. ఏదైనా సరే, రోజూ ఒకటే ఉండాలి.

భార్యకి ఎంత చెప్పాలి? అన్నీ చెప్పక్కర్లేదు. కానీ "ఈ రోజు బాలేదు, నీ మీద కోపం కాదు" అన్న ఒక వాక్యం చెప్పాలి. ఆ వాక్యం లేని ఇళ్ళల్లో పిల్లలు నాన్న చిరాకు తమ వల్లే అనుకుంటారు.

క్యాంపస్‌లో తెల్లారకముందే గ్రౌండ్‌లో పరిగెత్తే వాళ్ళకి ఇప్పుడు చెప్తున్నా. 2022 నోటిఫికేషన్‌లో పోలీస్‌తో పాటు ఫైర్‌మన్ పోస్టులు కూడా పడ్డాయి కదా, మీలో చాలామంది ఆ లైన్‌లోనే ఉన్నారు. 1600 మీటర్లు, లాంగ్ జంప్, షాట్‌పుట్. వీటికి ఏడాది ప్రాక్టీస్ చేస్తారు. మనసుకి ఈవెంట్ లేదు కాబట్టి ప్రాక్టీస్ ఉండదు. ఇప్పటి నుంచే చెయ్యదగ్గవి ఉన్నాయి: టైంకి నిద్ర, కోపం వచ్చినప్పుడు ఊపిరి మెల్లగా వదలడం అలవాటు, రాత్రి రెండింటికి ఫోన్ చేసినా ఎత్తే ఒక్క ఫ్రెండ్. ఉద్యోగమొచ్చాక కొత్త ఫ్రెండ్స్ దొరుకుతారు, కానీ అందరూ స్టేషన్ వాళ్ళే అవుతారు. పాత క్రికెట్ టీంని, ఊరి వాట్సాప్ గ్రూపుని వదలకండి. ఫైర్‌మన్ కాకముందు మీరెవరో గుర్తుచేసేది వాళ్ళే.

ఇక ఫోన్ చేతిలో ఉన్న మనందరికీ. మంట కనపడితే 101 లేదా 112 కొట్టి, ల్యాండ్‌మార్క్ చెప్పి, దారి వదలండి. బండి వచ్చిన నిమిషానికే "లేటుగా వచ్చారు" అని వీడియో పెట్టే ముందు మీ బైక్ ఎక్కడ పార్క్ చేశారో చూసుకోండి. ఒక మనిషి బిడ్డని మోసుకుని బయటికొస్తుంటే ఆయన మొహం మీదికి జూమ్ చెయ్యకండి. ఆ క్లిప్ మీకు ఒక రోజు, ఆయన ఫోన్‌కి ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తూనే ఉంటారు.

షూటింగ్ అయ్యాక తార్నాకలో ఒక అమ్మాయి అడిగింది: "మా అన్న ఫైర్‌మన్. ఇంటికొస్తే గదిలోకి వెళ్ళిపోతాడు. అడగాలా, వద్దా?"

మొదట్లో నా ఫ్రెండ్ గురించి చెప్పి ఆపేశాను కదా, దాని జవాబు కూడా ఇదే అనుకుంటా. "ఏం చూశావ్, ఎంతమంది పోయారు?" అని అడగొద్దు. "అన్నం తిన్నావా అన్నా? రేపు సాయంత్రం నాతో బయటికొస్తావా?" అని అడుగు. రానంటే ఎల్లుండి మళ్ళీ అడుగు. నెల దాటినా అలాగే ఉంటే, 14416కి ముందు నువ్వే ఫోన్ చేసి ఎలా మాట్లాడాలో తెలుసుకో, ఇంట్లోవాళ్ళు కూడా చెయ్యొచ్చు. మా వాడికి నేను ఆ తర్వాతి వారం ఫోన్ చేశా. ఘటన గురించి అడగలేదు. "ఆదివారం మ్యాచ్ ఉంది, కీపర్ లేడు" అన్నా. వచ్చాడు. మూడో ఆదివారం, ప్యాడ్లు విప్పుకుంటూ వాడే మొదలుపెట్టాడు.